బుడగ తెగని ఊపిరి

పోయిన నెల పై వాటాలో కిరాయికుండేవాళ్ల పిల్లాడికి డెంగీ వచ్చిందని, రసం తీసి తాగించడానికి రెండు బొప్పాయి ఆకులు కావాలని వాళ్లమ్మ అడిగింది. సూర్యాపేటలో మా పెరటి చెట్టు నుంచి ఆకు తెంపుతుంటే తెల్లటి పాలు వేళ్ల మీదికి కారి, ఆ పచ్చి వగరు వాసన తగలగానే నా దవడలు నొప్పి పుట్టాయి. ఆ పిల్లాడు వారంలో లేచి తిరిగాడు. నా నొప్పి చిన్ననాటిది, దానికి రసాలూ మందులూ లేవు.

చివ్వెంలలో మాది మంగలోళ్ల ఇల్లు. తాత పొద్దున్నే కత్తుల పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ గడ్డాలు గీయడానికి పోయేవాడు, పెళ్లిళ్ల రోజుల్లో సన్నాయి ఊదేవాడు. మా ఇళ్లలో పిల్లలకు మొదట్లోనే సన్నాయి ముట్టనివ్వరు. బోలుగా ఉండే బొప్పాయి కాడను చెంబెడు నీళ్లలో ముంచి ఊదిస్తారు. ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గల్లో దాచిన గాలిని కాడలోకి వదులుతుండాలి, నీళ్లలో బుడగలు తెగకూడదు. అది కుదిరితేనే పాట మధ్యలో ఊపిరి ఆగదు.

వరికోతలైపోయి గడ్డివాముల వాసన ఊరంతా కమ్ముకున్న సాయంత్రాల్లో, తోటి పిల్లలు గచ్చకాయలాడుతూ కేకలేస్తుంటే, నేనూ తమ్ముడు యాదగిరీ అరుగు మీద చెరో చెంబు ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లం. తాత ఎన్నడూ కసురుకోలేదు, చెయ్యెత్తలేదు. తమ్ముడికి నీళ్లు ముక్కులోకెక్కి దగ్గు తెరలు వస్తే తువ్వాలతో మూతి తుడిచి, వీపు నిమిరి, బెల్లంముక్క నోట్లో పెట్టి మళ్లీ కాడ అందించేవాడు. నాకు తొందరగానే వచ్చేసింది. బుగ్గలు వాచి అన్నం నమలలేకపోయినా, తాత నా గడ్డం పట్టుకుని "శభాష్ బిడ్డా" అంటే చాలు, కడుపు నిండిపోయేది. రోజూ మొదట నన్నే ఊదమనేవాడు. "అక్క ఊదంగ సూడురా," అని తమ్ముణ్ని నా ఎదురుగా కూర్చోబెట్టేవాడు. "బుడగ తెగకుండ ఊదినోళ్లకే దసరనాడు సన్నాయి."

ఆ మాట నేను నమ్మాను. నిద్రలో కూడా బుగ్గలు ఉబ్బించేదాన్నని అమ్మ నవ్వేది. వానకాలమంతా చూరు నీళ్లు కారుతుంటే ఆ సన్నాయి నాదేనని మనసులో ఊదుకుంటూ తిరిగాను. బతుకమ్మ పూలు తెంపుకొచ్చే రోజులకు, పట్టుబట్టి పట్టుబట్టి తమ్ముడు కూడా బుడగ నిలబెట్టాడు.

దసరా నాడు కత్తులూ కత్తెరలూ కడిగి, పీట మీద సన్నాయితో పాటు వరసగా పెట్టి, తాత పసుపు కుంకుమలు పెట్టాడు. పొయ్యి మీద వేటమాంసం ఉడుకుతోంది, అమ్మ మలీద ముద్దలు కడుతోంది. కొత్త లంగా వేసుకుని నేను పీటకు అందరికంటే దగ్గరగా నిలబడ్డాను. తాత సన్నాయి తీసి, కళ్లకద్దుకుని, నా తల మీదుగా తమ్ముడికిచ్చాడు.

"తాతా, మరి నాకు?"

తాత ముద్దుగానే నవ్వాడు. "నీకెందుకు బిడ్డా? ఆడివిల్ల సన్నాయి ఊదుతనంటే పెండ్లికి ఎవడు పిలుస్తడు? నువ్వు ఊదబట్టే గద వాడు సిగ్గువడి నేర్సుకున్నది."

నాకు ఒక మలీద ముద్ద ఎక్కువ పెట్టాడు. మర్నాటి నుంచి తమ్ముడికి సన్నాయి రంధ్రాల మీద వేళ్లు పెట్టడం నేర్పేటప్పుడు, వాడి ధ్యాస చెదురుతుందని నన్ను లోపలికి పొమ్మనేవాడు. ఆ ఓపికా, ఆ బెల్లమూ, ఆ శభాషులూ అన్నీ వాడి కోసమేనట. కూరకు రుచి పట్టేదాకా ఉంచి కరివేపాకును ఏరి పారేసినట్టు నన్ను పారేశాడు. కొట్టి ఉంటే తాతను తిట్టుకునైనా బతికేదాన్ని. ప్రేమగా చేశాడు కనుక ఇప్పటికీ మండుతుంది.

తాత పోయాడు. ఇప్పుడు నేరేడుచర్లలో పెళ్లయినా, మాడుగులపల్లిలో పెళ్లయినా డీజేనే. పెళ్లికూతుర్ని మండపానికి తీసుకొచ్చేటప్పుడు ముందు నడిచే సన్నాయి ఎక్కడా కనబడదు. తమ్ముడు కోదాడలో సెలూన్ పెట్టుకున్నాడు, సన్నాయిని అద్దం పక్కన మేకుకు తగిలించాడు. ఊదే పీక ఎప్పుడో విరిగిపోయింది. మొన్న మిర్యాలగూడ బ్యాండువాళ్ల దగ్గర కొత్త పీక కొనుక్కుని వాడి దుకాణానికి పోయాను.

"ఒక్కసారి ఊదుకుంట తమ్మీ," అన్నాను.

"తీస్కపో అక్కా, గాడ ఉత్తగనే దుమ్ము వడుతుంది," అన్నాడు గడ్డం గీస్తూ.

పీకను నీళ్లలో నానబెట్టి, బిగించి, ఊదాను. ధ్వని వచ్చింది. ఒకటే స్వరం, ఎక్కడా తెగకుండా, నేను ఆపితే తప్ప ఆగకుండా దుకాణమంతా నిండిపోయింది.

"ఆపమనవయ్యా, చెవులు పోతున్నాయి," అన్నాడు కుర్చీలో ఆయన.

"వేళ్లు గూడ పెట్టాలె గద అక్కా," అన్నాడు తమ్ముడు.

"ఏడ పెట్టాల్రా?"

కత్తి పక్కన పెట్టి, సన్నాయి పట్టుకున్నట్టు గాలిలో వేళ్లు ఆడించి చూశాడు. "ఏమో అక్కా. మర్సిపోయిన."

చెప్పడానికి తాత లేడు. ఉన్నా, నాకు చెప్పడు.