శృతి దించిన పాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, నా రిటైర్మెంటుకు ఏడాదిన్నర ముందు, రాజమండ్రిలో ఒక ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో స్పీచ్ థెరపిస్టుగా ఉండగా హిమజ కేసు నాకు వచ్చింది. రావులపాలెం అరటి వ్యాపారుల అమ్మాయి. ఒకప్పుడు ఆమె పాప్ పాటలు మోగని కాలేజీ ఫంక్షను ఉండేది కాదు. గొంతు చెడి ఆరేళ్ళుగా పాడటం మానేసింది. ఇప్పుడు మళ్ళీ ఒక ఆల్బమ్ ఒప్పుకుంది. ఎనిమిది పాటలు, ఐదుగురు అతిథి గాయకులు.

స్వరతంత్రుల అంచున కాయ కాచినట్టు రెండు చిన్న బుడిపెలు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, ముందు థెరపీ చూడమని మా డాక్టరుగారు నాకు రాశారు. ఒక్క ఊపిరితో "ఆ" అని ఎంతసేపు పట్టగలరో చూడటం మా తొలి పరీక్ష. పదిహేను సెకన్లైనా రావాలి. ఆమెకు ఆరు వచ్చాయి. వారం రోజులు పూర్తి మౌనం చెప్పాను, గుసగుసలు కూడా వద్దన్నాను. ఆ తర్వాత గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి, బుడగలు లేచేలా గొంతు పలికించడం. ఆమె ఒక్క పూట మానలేదు.

నెలకు మాట తేటపడింది. నాకది చాలనిపించింది. పాటలకు అతిథులున్నారు కదా, వాళ్ళని పాడనివ్వండి అన్నాను. ఆల్బమ్ నిర్మాత ఆలోచనా అదే. ఆమెవి పాటకు రెండు లైన్లు, అవి కూడా కంప్యూటరు సరిదిద్దుతుంది.

"అట్ట మీద బొమ్మ నాది, లోపల గొంతులు వాళ్ళవా అండి?" అని అడిగి వెళ్ళిపోయింది.

పది రోజులు రాలేదు. వచ్చినప్పుడు నోరు విప్పకుండా కాగితం మీద రాసింది: "స్టూడియోకి వెళ్ళి పాత శృతిలో పాడానండి. మళ్ళీ మొదటినుంచి చేద్దాం." పరీక్షలో ఐదు సెకన్లకే గొంతు తెగిపోయింది. కేసు షీటు తీశాను. లక్ష్యం అన్న గడిలో 'మాటలో స్పష్టత' అని ఉంది. అది నేను రాసుకున్నదే, ఆమెను అడిగింది లేదు. అప్పుడడిగాను.

"ఒక్క పాట మొత్తం నేనే పాడాలి" అని రాసింది.

అలాగైతే శృతి ఐదు నుంచి నాలుగుకి దించాలన్నాను. ఆ పైస్థాయి వల్లే జనానికి తను తెలుసు. కాగితం మీద 'ఐదు' అని రాసి కొట్టేసింది. చివరికి "దించండి" అని రాసింది.

అతిథుల డేట్లు పోతాయని నిర్మాత ఫోన్ చేశారు. ఇప్పుడు పాడిస్తే గొంతే పోతుందని, కావాలంటే లెటరు రాసిస్తానని చెప్పాను. ఆరు వారాలు ఆగారు.

రికార్డింగుకు నేనూ వెళ్ళాను. ఇరవై నిమిషాలు పాట, పది నిమిషాలు మౌనం. ఆమె మొత్తం పాడాలన్న పాటలోనూ నిర్మాత రెండో చరణాన్ని భీమవరం నుంచి వచ్చిన ఒక జానపద గాయకుడికే ఉంచారు. పెద్దాయన. ఆమె మొదటి చరణం విని హెడ్‌ఫోన్లు తీసేశారు. "రెండోది కూడా అమ్మాయిగారినే పాడనివ్వండి. నేను వెనక కోరస్‌లో ఉంటాను" అన్నారు. ఆమె పాడింది. ఎక్కడా తెగలేదు.

ఆల్బమ్ వచ్చాక పాత గొంతు లేదని కొందరు రాశారు. నిజమే, లేదు. ఆమె ఇప్పుడు నాలుగు శృతిలో కచేరీలు చేస్తోంది.

గొంతు ఎంతవరకు వస్తుందో థెరపిస్టు చెప్పగలరు. అది దేనికి కావాలో రోగిని అడిగి తెలుసుకోవాలి. ముప్పై ఏళ్ళ సర్వీసులో దీన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.