పదకొండో నంబరు

రాజారత్నం మాష్టారికి 'తెలియదు' అనే మాట నోటికి వచ్చేది కాదు. రేపల్లె హైస్కూల్లో ఆయన ఇంగ్లీషు చెప్పేవాడు, నేను తెలుగు. పదిహేనేళ్లు ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకున్నాం కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఏ మాటైనా సరే, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఆయన మనసుపడ్డ మాట ఎలెవన్. వేళ్ల మీద లెక్కపెట్టుకునే పూర్వపు ఇంగ్లీషువాళ్లు, పది పోగా ఒకటి మిగిలిందని దానికి ఆ పేరు పెట్టారట. కొలకలూరు చర్చిలో చిన్నప్పుడు విన్న బైబిలు ద్రాక్షతోట కథ కూడా దానికి తగిలించేవాడు. తెల్లవారి వచ్చిన కూలివాడికీ, పొద్దుగూకే ముందు పదకొండో గంటకు వచ్చినవాడికీ యజమాని ఒకటే కూలి ఇచ్చాడు కదా, ఆఖరి నిమిషాన్ని ఇంగ్లీషులో పదకొండో గంట అనేది అందుకేనట. తెనాలి రైలు కదులుతుండగా ఎక్కి, "ఎలెవెంత్ అవర్ మాష్టారూ!" అని రొప్పుతూ నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. అయినా పక్కన చోటు ఉంచేవాణ్ణి.

తొంభైలో, మే నెల సెలవుల్లో, రెండు రోజులుగా ముసురు పట్టింది. నిజాంపట్నం రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. పదంటే మహాప్రమాదమని సముద్రం ఒడ్డున చిన్నపిల్లలకూ తెలుసు. పడవలు కట్టేసి, జనం రేపల్లె వచ్చి మా బడిలో తలదాచుకున్నారు.

ఆ మధ్యాహ్నం రాజారత్నం వాకిట్లో మేమిద్దరం కూర్చుని ఉండగా నాగులు వచ్చాడు. మాకు వారం వారం చేపలు తెచ్చేవాడు. భార్య కామేశ్వరినీ, ఇద్దరు పిల్లలనూ అప్పటికే బడికి చేర్చాడు.

"సార్, రేవులో పది దించేసి పదకొండు ఎగరేశారంటండి. పదకొండేంటండి? ఎప్పుడూ వినలా."

రాజారత్నం కూడా వినలేదు. ఆయన ముఖం చూశాను, నాకు తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"పది అయిపోగా మిగిలిందే పదకొండు, నాగులూ. పెద్దది దాటిపోయిందన్నమాట. ఇక మిగిలింది తోక."

"అయితే ఎల్లొచ్చాండి? పడవా, కొత్త వలా అక్కడే ఉన్నాయండి."

"వెళ్లిరా."

గాలి అప్పటికి నిజంగానే ఆగిపోయింది. ఒక్క కాకి కూడా కనిపించలేదు. మురుగు కాలవలో నీళ్లు ఎదురు తిరిగి ఊళ్లోకి పారుతున్నాయి. నా మనసు కీడు శంకించింది. టెలిఫోన్ ఆఫీసులో కనుక్కుందామా అని అనబోయాను. ఇంగ్లీషు వ్యవహారం, నాకెందుకులే అని ఊరుకున్నాను. అందులో నా పాపమూ ఉంది.

తుఫాను ఆ రాత్రే వచ్చింది.

మూడో రోజు దారి తేలాక ఇద్దరం లారీ ఎక్కి రేవుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా చెప్పాడు. పదకొండు అంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయిందని అర్థం. కబురు లేదు కాబట్టి ఘోరమే వస్తుందనుకుని ఉండాలి. అంటే రేవు తనకేమీ తెలియడం లేదని ఒప్పుకుని ఎగరేసిన నంబరు అది. రాజారత్నం అక్కడే బురదలో కూలబడ్డాడు.

నాగులు ఉప్పునీటి పాయ ఒడ్డున మడచెట్లలో దొరికాడు. నడుముకు వల తాడు చుట్టుకుని ఉన్నాడు.

బడి వరండాలో కామేశ్వరి ముందు రాజారత్నం నిలబడ్డాడు. ఆమే ముందు అంది.

"నేనే పంపానండీ సార్. ఆయన రేపు ఎల్తానన్నాడు. సారంతటోరు చెప్పాక ఇంకేంటి భయం, కొత్త వల కొట్టుకుపోద్ది, ఎల్లు ఎల్లు అని తరిమానండి. నేనే చంపుకున్నానండి."

'నాకు తెలియదమ్మా, తెలియకుండానే చెప్పాను' అని ఒక్క మాట అంటే ఆమె గుండె బరువు సగం దిగేది. ఆయన అనలేదు. రిటైరై, బాపట్లలో కూతురు సుగుణమ్మ దగ్గర తొంభై ఏడులో పోయేదాకా అనలేదు. కామేశ్వరి ఏటా ఎండుచేపలు పట్టుకెళ్లి, ఆయన కాళ్లకు దండం పెట్టి వచ్చేది. ఆమె వస్తోందంటే ఆయనకు ముందు రోజు నుంచే జ్వరం తగిలేదని సుగుణమ్మ చెప్పింది.

ఆయన సమాధి దగ్గర కామేశ్వరి నా పక్కన నిలబడి ఏడ్చింది.

"సార్ ఆరోజు మంచే చెప్పారండి. నేనే తొందరపడ్డాను. కదండీ?"

నేను అవునమ్మా అన్నాను.