నా భార్య ఫోన్‌లో ఉండే ఆయన

నాకు ఒక సినిమా హీరో అంటే కడుపుమంట. నేనెవరో ఆయనకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. నా భార్య ఫోన్ తెరిస్తే మాత్రం ముందు కనిపించేది ఆయనే, నెత్తురు కారుతున్న కనుబొమ్మతో, చేతిలో కొడవలితో. మా పెళ్లి ఫొటో ఏదని అడిగితే లోపలెక్కడో వెతికి చూపించింది.

చర్చిలో ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తే పక్కవాళ్లకూ కన్నీళ్లొస్తాయి. అదే మనిషి థియేటర్లో ఈల వేస్తుంది. మొన్నామధ్య ఒక ఆదివారం ఆళ్లగడ్డలో ఆరాధన ముగియగానే, బైబిలు సంచితోనే నన్ను నంద్యాలకు సినిమాకు లాక్కుపోయింది. ఆయన ఒక గుంపును గాల్లోకి లేపుతుంటే నేను తెర చూడలేదు, ఆమె మొహం చూశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నావైపు ఒక్కసారీ అలా చూడలేదు. ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు చుట్టూ జనం. సీటు దక్కాలంటే కిటికీలోంచి తువ్వాలు వేయాలి. నా దగ్గర తువ్వాలు లేదు. ఆ తొందరలో బైబిలు సంచే విసిరేశాను. ఎక్కేసరికి సంచి కింద కాళ్ల దగ్గర పడి ఉంది, సీట్లో ఒక బలమైన మనిషి కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఆ సీట్లో సంచి ఏసింటి" అన్నాను.

"ఏందిరా, బస్సు నీ అబ్బ సొత్తా?" అని లేచి చెంప మీద ఒక్కటిచ్చాడు.

బస్సంతా చూసింది. ఎవరు చూసినా ఫర్వాలేదు, ఆమె చూసింది, అదీ తెరమీద ఆ హీరోను చూసి వచ్చిన పూట. చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను. రెండో చేత్తో సంచి తీసి, ఆళ్లగడ్డ దాకా జనంలో ఒరిగి నిలబడే వచ్చాను.

రెండో చెంప చూపమని చిన్నప్పటినుంచీ వింటున్నవాణ్ణి. అది కొట్టగలిగినవాడు చూపితే బాగుంటుంది, నేనేమో కొట్టలేనివాణ్ణి. తెరమీద ఆయన కూడా మొదట్లో దెబ్బలు తింటాడు, కానీ ఇంటర్వెల్ తర్వాత వడ్డీతో తిరిగిస్తాడని అందరికీ తెలుసు. మా ప్రభువు చనిపోయి లేచాక కూడా కొట్టినవాళ్ల గుమ్మం తొక్కలేదు. చేపలు కాల్చి తనవాళ్లకు తినడానికి పెట్టాడు. నేను నమ్మిన మగతనం అది. దానికి ఎవరు ఈల వేస్తారు? నా భార్య వేస్తుందా? దారంతా దేవుణ్ణి కాదు, ఆ హీరో భుజాలను తలుచుకుని కుళ్లుకున్నాను.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. "నీ ఫోన్‌లో ఉండే ఆయప్పయితే ఏం చేసింటాడు?"

"వాన్ని కిటికీలోంచి ఇసిరేసింటాడు" అంది ఆమె, సంచికి అంటిన దుమ్ము తుడుస్తూ. "ఆయప్పను కొడ్తాంటే నేను పాప్‌కార్న్ తింటాంటా. నిన్ను కొడ్తే నాకు కండ్లు తిరిగినాయి. వాని జుట్టు పట్టుకుందామని చెయ్యి లేపితి. నువ్వు పట్టుకుంటివి."

గొడవ వద్దని ఆపాననుకుంటోందేమో. ఆ గొప్ప నాదేనని ఊరుకుందామనిపించింది గానీ మనసొప్పలేదు.

"నిన్ను ఆపేకి కాదు మే. నాకు భయమై పట్టుకున్యా."

"తెలుసులేప్పా. నీ చెయ్యి వణుకుతానే ఉండె" అంది. "అయినా ఆళ్లగడ్డ దాకా ఇడిసిపెట్టలేదు గదా."