అక్రా ఆయన అడిగిన మాట

ఎనభైల్లో, సెలవు మీద ఇంటికి పోతూ దుబాయ్ ఎయిర్‌పోర్టులో కూర్చున్నాను. పక్కన ఆఫ్రికాలోని అక్రా నుంచి వచ్చినాయన, పెళ్లాం పిల్లలతో. అక్కడి సింధీ సేటు దుకాణంలో హిందీ నేర్చాడట, నాకంటే నయం. సెలవొస్తే పిల్లల్ని లారీ ఎక్కించి ఊరవతల కొండలకూ, సముద్రానికీ తిప్పుతాడట.

"నీ పిల్లల్ని ఎక్కడికి తీస్కపోతవ్ భాయ్?"

"బస్టాండుకు. నన్ను బొంబాయి బస్సెక్కిచ్చి వాపసొస్తరు," అన్నాను, నవ్విద్దామని.

ఆయన నవ్వలేదు. ఒళ్లో నిద్రపోతున్న కూతుర్ని ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

ఇంటికి చేరిన వారానికే పిల్లల్ని పోచంపాడు డ్యాం చూపిద్దామని బయల్దేరదీశాను. బస్టాండు రాగానే చిన్నది నా చెయ్యి వదిలేసి, వాళ్లమ్మ కొంగు పట్టుకుంది.

"నాయినా, మల్లెప్పుడొస్తవ్?"