మొండయ్య గొంగడి లెక్క

మొండయ్యకు ఉన్న పిచ్చి ఒక్కటే. చలిని గొంగళ్లతో లెక్కగట్టేవాడు, ఆ లెక్క కుక్కల చెవులు పట్టుకుని తీసేవాడు. బెల్లంపల్లి దగ్గర ఒక బొగ్గుబాయి, దాని పక్కన కార్మికుల ఇళ్ల లైను. పొద్దున బాయి సైరన్ మొదటి కూత కూసేసరికి ఆయన లైనులో ఉండేవాడు. కనిపించిన ప్రతి కుక్క చెవినీ, మేక చెవినీ రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని, వైద్యుడు నాడి చూసినట్టు చూసేవాడు.

"మొండయ్యా, ఇయ్యాల చలెంత?" అని షిఫ్టుకు పోయేవాళ్లు అడిగేవారు.

"గొంగడిన్నర."

"నిన్న ఒక్కటే అంటివి గద?"

"నిన్నటి చెవి వేరు, ఇయ్యాల్టి చెవి వేరు."

ఇక దానికి తిరుగులేదు. గొంగడి ఉన్నవాడు గొంగడి, లేనివాడు గోనెసంచి కప్పుకుని బయల్దేరేవాడు. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడాది అది. సిర్పూరు అడవుల మీదుగా వచ్చే గాలికి పళ్లు టకటక కొట్టుకునేవి. రాజ్యం ఎవరిదైనా ఆ లైనులో చలికి లెక్క చెప్పే అధికారం మాత్రం మొండయ్యదే.

లెక్కతో ఊరుకున్నా బాగుండేది. దబ్బనం, సుతిలి పట్టుకుని పాత గోనెసంచులతో అంగీలు కూడా కుట్టేవాడు. లైనులో ఉండే ముత్యం మేకకు కుట్టిన అంగీని ఆ మేక పొద్దెక్కేలోపే తినేసింది. "పాపం, ఆకలి మీదున్నట్టుంది" అని మొండయ్య రెండోది కుట్టాడు. అదీ తిన్నది. ఎల్లేశం అనే కార్మికుడి పాత ఖాకీ చొక్కాను ఒక నల్లకుక్కకు తొడిగిన రోజు మరీ తమాషా. అది షిఫ్టు జనంలో కలిసి గేటు దాకా పోయింది. చూపు ఆనని ముసలి కావలివాడు పొగమంచులో దాన్ని చూసి ఎల్లేశమే అనుకుని, "జల్దీ నడువు, కూతయి ఎంతసేపాయె!" అని గదమాయించాడట. వారం రోజులు ఎల్లేశం ఎవరికీ ముఖం చూపించలేదు.

ఈ తమాషాలకు నవ్వని మనిషి లైనులో ఒక్కతే, శంకరవ్వ. ఆమె భర్త రాయమల్లు జ్వరంతో పోయి రెండేళ్లయింది. భర్త పనికి బాయి వాళ్లు ఇచ్చిన ఇల్లు ఖాళీ చేసి, లైను చివర గుడిసె వేసుకుంది. ఉన్న ఒక్క బిడ్డ భైంసాలో కాపురం. భర్త ఉన్నన్నాళ్లూ పొద్దున లేస్తే పది మంది పిలిచేవారు. ఇప్పుడు పేరు పెట్టి పిలిచే గొంతే లేదు. మాట మరిచిపోతానేమోనన్న భయంతో ఒక్కోసారి నీళ్లకుండతో మాట్లాడేది. ఆమెకు మిగిలింది మోతి అనే ముసలి కుక్క. మొండయ్య కూడా ఆ మోతి కోసమే వచ్చేవాడు.

వచ్చి వాకిట్లోనే ఆగేవాడు. గుడిసె వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. మోతి చెవి పట్టుకునేవాడు.

"ఏం మోతీ, నిద్రవట్టిందా?"

మోతి ఆవులించేది.

"తిన్నవా, నీళ్లు తాగి పన్నవా?"

లోపలి నుంచి శంకరవ్వ కసిరేది. "కుక్కకు గట్క పోసిననో లేదో నాకెర్కలేదా?"

"నేను మోతిని అడుగుతున్న. మోతీ, నీ దగ్గు తగ్గిందా?"

"కుక్కకు దగ్గేంది? దగ్గేది నేను!"

"మిర్యాల కషాయం తాగితే తగ్గుద్దట మోతీ" అని ఒకనాడు కుక్క ముందు ఒక పొట్లం పెట్టి వెళ్లిపోయాడు మొండయ్య.

మోతి పొట్లం వాసన చూసి తుమ్మింది. శంకరవ్వకు ఒళ్లు మండిపోయింది. ఇంత లోకంలో తనను తిన్నవా అని అడిగే దిక్కు లేదు, కుక్కకు మాత్రం చుట్టం దొరికాడు! ఆ పూట ఆమె నిజంగానే మోతిని చూసి ఓర్వలేకపోయింది. అయినా మిరియాలు పారేయడం ఎందుకని కషాయం కాచుకుంది.

పుష్యమాసం వచ్చేసరికి చలి మూడు గొంగళ్లకు చేరింది. మొండయ్య చెన్నూరు సంతకు పోయి, కురుమలు నేసిన కొత్త నల్ల గొంగడి తెచ్చి మోతి పక్కన పెట్టాడు.

"గింత పెద్ద గొంగడి కుక్కకా?"

"మోతి కాళ్లు చాపుకొని పంటది."

"మంచిది" అంది శంకరవ్వ పంతంగా. పొద్దుగూకగానే గొంగడి మొత్తం మోతికే కప్పి, తాను పాత చీర రెండు మడతలు వేసి కప్పుకుని ముడుచుకుంది. మర్నాడు మొండయ్య వచ్చి చూసి నోరెళ్లబెట్టాడు.

"గంత గొంగడి నీకే కప్పిందా మోతీ?"

"మోతికే ఇస్తివి గద!" అంది లోపలి గొంతు.

ఆయన తల గోక్కుంటూ పోయాడు.

నాలుగు రోజులు గొంగడి కింద ఉడికిపోయిన మోతి, ఐదో రోజు పొద్దుగూకే వేళ అది వదిలించుకుని పారిపోయింది. శంకరవ్వ లైనంతా వెతికి, చివరికి పక్కింటి కనకవ్వ దగ్గర కూలబడింది.

"మోతి లేకుంటే రేపు మొండయ్య ఎవలి కోసం వస్తడు?" అనేసి, నాలుక కరుచుకుంది.

కనకవ్వ పక్కున నవ్వింది. "ఓ పిచ్చిదానా! మా ఇంటి ముందట గూడ కుక్కున్నది. దానికి మిర్యాలిచ్చిండా? ఒంటి ఆడమనిషి వాకిట్ల నిలవడి, చుట్టం గాని మొగోడు తిన్నవా అంటే గీ లైను ఊకుంటదా? అందుకే మోతిని అడుగుతుండు."

శంకరవ్వ గుడిసెకు తిరిగొచ్చింది. ఆ రాత్రి మొదటిసారి గొంగడి తాను కప్పుకుంది. వెచ్చగా ఉంది. కానీ రేపటి సంగతే గుబులు. అడగడానికి కుక్క లేదు, ఆయన వస్తాడా?

కూత కూసింది. అడుగుల చప్పుడు వాకిట్లో ఆగింది. తడిక సందులోంచి చూసింది. మొండయ్య ఖాళీ చోటు చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. అంతలో ఆయన ఆగి, వాకిట్లో ఉన్న రాతిరోలు దగ్గర గొంతుక్కూర్చుని, దాని అంచును రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఏం రోలూ, నిద్రవట్టిందా? దగ్గు తగ్గిందా?"

రెండేళ్ల తర్వాత శంకరవ్వ నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. గొంగడి కప్పుకునే తడిక తీసి, లైనంతా వినబడేలా అంది.

"తగ్గింది అన్నా! నిద్ర గూడ మంచిగ వట్టింది."

ఆ ఒక్క పిలుపుతో లైను నోటికి తాళం పడింది. మొండయ్య మొదటిసారి తలెత్తి చూశాడు. "తిన్నవా చెల్లే?"

"ఇంక పొయ్యి ముట్టియ్యలే. నువ్వు తిన్నవా?"

భార్య పోయిన ఏడేళ్లలో ఆ మాట ఆయననెవరూ అడగలేదు. సమయానికి మోతి వచ్చింది, వెచ్చటి బొగ్గుబూడిద కుప్పలో పడుకుని ఒళ్లంతా తెల్లగా చేసుకుని. ముఖం కనబడకుండా ఆయన దాని మీదికి వంగి చెవి పట్టుకున్నాడు.

"మొండయ్యా, ఇయ్యాల చలెంత?" లైనులోంచి కేక వచ్చింది.

"చలా? ఇయ్యాల చలెక్కడిదిరా!"

గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. ఆయన మాట నమ్మి గొంగళ్లు ఇంట్లో పడేసి బయల్దేరిన ఇరవై మంది, బాయిలో దిగేదాకా గజగజ వణుకుతూ, దారి పొడుగునా ఆయనను తిట్టుకుంటూ పోయారు.