తప్పు పట్టినవాళ్ళు నిలబడాలి

తప్పు అనే మాటను ఎక్కడ ఎలా వాడాలో ఎలీసమ్మకు తెలిసినంతగా పాస్టరు గారికి కూడా తెలియదని పేటలో చెప్పుకునేవారు. తప్పు పట్టడం వేరు, తప్పు మోపడం వేరు. పట్టడానికి కళ్ళుంటే చాలు, మోపడానికి నోరుంటే చాలు, ఆ రెండూ లేనివాళ్ళు ఎవరు గనక? ఇక తప్పు చెప్పుకోవడమంటారా, దానికి దమ్ముండాలి. అదే కరువు.

ఎలీసమ్మకు చదువు లేదు. కొత్తపేట చుట్టుపక్కల చేలల్లో నాట్లకు ముప్పైమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళే ముఠా పెద్ద ఆమె. ఆ పెద్దరికంతోనే పేట తగవులు కూడా ఆమె దగ్గరికి వచ్చేవి. చర్చి అరుగు మీద పంచాయితీ. అక్కడ ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. నిజం తేలేదాకా తప్పు పట్టినవాళ్ళు నిలబడాలి, నింద పడ్డవాళ్ళు కూర్చోవాలి. లోకమంతా ఒక దారి, ఈవిడదొక దారి అని మొదట్లో అందరూ నవ్వారు.

"నిలబడ్డోళ్ళకే నిజం తొందరగా కావాలండి. కాళ్ళు లాగుతాయి గదా," అనేది ఎలీసమ్మ.

ఎనభై ఒకటో సంవత్సరం వానాకాలం సార్వా నాట్ల ముందురోజు, మోతుబరి వెంకటరాజు గారి చేల్లో నీళ్ళు తోడే ఇంజనుకుండే ఇత్తడి వాల్వు కనబడలేదు. ఆయన నేరుగా పేటకు వచ్చి, పదేళ్ళుగా తన దగ్గరే పాలేరుగా ఉన్న అబ్బులు మీద విరుచుకుపడ్డారు. దొంగ అన్న పేరు పడితే అబ్బులుకు ఇక ఏ గట్టు మీదా పని దొరకదు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, అరుగు కింద నిలబడ్డాడు. ఎవరో రాజుగారికి కుర్చీ వేశారు.

ఎలీసమ్మ వచ్చి ఆ కుర్చీ చూసింది. తన పద్ధతి పేదోళ్ళకు మాత్రమే అయితే అది పద్ధతే కాదు. అబ్బులు రెక్క పట్టుకుని అరుగు మీద బెంచీలో కూర్చోబెట్టింది.

"రాజుగారండీ, తప్పు పట్టింది తమరు. ఇక్కడ తప్పు పట్టినోళ్ళు నిలబడతారండి."

"నన్ను నిలబెడతావుటే?"

"తమర్నే కాదండి. నిరుడు నా కోడలి మీద తప్పు పట్టి, పూటంతా నేనే నిలబడ్డానండి."

రాజుగారి నారు ముదిరిపోతోంది. తెల్లారితే ఆయన చేల్లో దిగాల్సిన ముప్పైమంది ఆడవాళ్ళూ ఎలీసమ్మ వెనక చేతులు కట్టుకుని చూస్తున్నారు. రాజుగారు అటు చూశారు, ఇటు చూశారు, లేచి నిలబడ్డారు.

అరగంటకే కాళ్ళు లాగాయి కాబోలు, అప్పటిదాకా ఎవరినీ ఏమీ అడగని మనిషికి అడగాలనిపించింది. గుమాస్తాను సైకిలు మీద, ఊరు దాటి కొత్తపేటలో ఉన్న మెకానిక్కు దగ్గరికి పంపారు. వాల్వు అక్కడే ఉంది. రాజుగారి తమ్ముడే వాషరు మార్చమని ఇచ్చి, ఇంట్లో చెప్పడం మరిచిపోయాడట.

"పొరపాటు జరిగిందిలే," అంటూ రాజుగారు చెప్పులు వెతుక్కున్నారు.

"పొరపాటు తమ్ముడుగారిదండి. తమరిది తప్పండి," అంది ఎలీసమ్మ. "మావోడు చేస్తే తప్పూ, తమరు చేస్తే పొరపాటూనాండి?"

రాజుగారి మొహం కందిపోయింది. చెప్పులు వెతకడం మానేసి, "తప్పేనే ఎలీసమ్మా," అన్నారు.

"నాకు కాదండి. అబ్బులుకి చెప్పండి."

ఆయన అబ్బులు వైపు తిరిగారు. "తప్పేరా అబ్బులూ."

అరవై ఏళ్ళ బతుకులో ఎలీసమ్మ అంత గర్వపడిన రోజు లేదు. తన గురించి కాదు, ఆ అరుగు గురించి.

"ఆయ్! ఇంక కూర్చోండి రాజుగారండీ," అంది.

కుర్చీని ఎవరో ఎప్పుడో తీసేశారు. మిగిలింది ఆ ఒక్క బెంచీయే. రాజుగారు అటు నడిచారు. అబ్బులు లేవలేదు. కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.