నిమిషానికి వంద దెబ్బలు

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో, స్టూడియో వాళ్లు మిక్సింగ్‌కిచ్చిన పాటను ఫోన్లో పైకే పెట్టుకుని లెక్క వేస్తున్నాను. దుబాయి పోయిన మొగుడి కోసం భార్య ఏడ్చే పాట. నిమిషానికి డెబ్బై ఐదు తాళం దెబ్బలు. నిమిషంలోని అరవై వేల మిల్లీసెకన్లను డెబ్బై ఐదుతో భాగిస్తే ఎనిమిది వందలు. గొంతు వెనక ప్రతిధ్వని అన్ని మిల్లీసెకన్లకు రావాలి. లేకపోతే తాళం తప్పినట్టు వినిపిస్తుంది.

పక్క సీట్లో, బీడీల చాట ఒళ్లో పెట్టుకున్న ఆమె ఉన్నట్టుండి అంది: "బంజెయ్ తమ్మీ. మా ఆయన దుబాయి పోయి నాలుగేండ్లాయె. గిట్ల సాగదీసుకుంట ఏడుస్తె బీడీలెవలు చేస్తరు?"

"మరెట్లుండాలె అక్కా?"

ముందు సీటు కమ్మీ మీద వేలితో కొట్టి చూపించింది. "నా చెయ్యి గింత జోరుగ నడుస్తది. పాట గూడ గట్లనే నడువాలె."

గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి వంద. ఒక్క దెబ్బ తడబడలేదు.

పాడే అమ్మాయితో మళ్లీ వందలో పాడించి, ప్రతిధ్వని వచ్చే డిలేను ఆరు వందలకు దించి ఇచ్చాను. స్టూడియో ఆయన విని మండిపడ్డాడు: "ఏడుపేదిరా?"

"ఆమె ఏడుస్తలేదన్నా," అన్నాను.